అప్పటి ఇంగ్లండ్ రైతుకి ఆస్తి మీద ఆశే లేదంటారేంటి?

వరిగడ్డి_వాసు
నిన్న రాత్రి మధ్యయుగపు ఇంగ్లండ్ పల్లెల మీద ఒక వీడియో చూశాను. అందులో ఆయన చెప్పిందంతా ఒకటే మాట. ఆ కాలపు రైతుకి సంపాదించాలన్న ఆలోచనే లేదట, పూట గడిస్తే దేవుడికి దండం పెట్టుకుని పడుకునేవాడట, ధనం అనేది దొరలూ మఠాలూ వర్తకులూ చూసుకునే వ్యవహారమట. కింద కామెంట్లలో జనం "ఎంత ప్రశాంతమైన బతుకో" అని మురిసిపోతున్నారు. నాకు ఒళ్ళు మండింది. మాది వ్యవసాయం ఇల్లు. దుక్కి దున్ని బతికే మనిషి ఎకరం గురించి, ఎద్దు గురించి, వచ్చే ఏటి విత్తనం గురించి ఆలోచించకుండా ఒక్క రోజు ఉండగలడా? చరిత్ర చదివినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. 1200 నుంచి 1400 మధ్యలో అక్కడి మామూలు రైతు తనకేం ఉందని లెక్కేసుకునేవాడు, ఊళ్ళో ఎవరిని "ఉన్నవాడు" అనేవాడు, కాస్త చెప్పండి.

మల్లన్న_27
ఆ వీడియో నేనూ చూశా. పదో నిమిషంలో ఆపేశా.

చరిత్ర_సార్
వాసు గారూ, మీ కోపం న్యాయమే. కానీ ఆ వీడియో ఆయనకి ఆ భ్రమ ఎక్కడ పుట్టిందో ముందు చెప్తాను. అప్పటి రైతుల్లో పెద్ద భాగం విలెయిన్లు, అంటే దొర భూమికి కట్టుబడి ఉన్నవాళ్ళు. చట్టం ప్రకారం విలెయిన్ దగ్గరున్నదంతా దొరదే. 13వ శతాబ్దం చివర్లో బర్టన్ మఠం కింద మికిల్ఓవర్ అనే ఊరి రైతులు మఠం మీద రాజుగారి దాకా వెళ్ళారు. అప్పుడు మఠాధిపతి వాళ్ళ పశువుల్ని తోలుకుపోయి, "వీళ్ళకి సొంతమంటూ ఉన్నది వీళ్ళ పొట్ట ఒక్కటే" అన్నాడు. చట్టం మాట అది. ఆ ఒక్క మాట పట్టుకుంటే రైతుకి ఆస్తి లేదు, ఆస్తి మీద ఆలోచనా లేదు అనిపిస్తుంది.
కానీ అదే కాలపు మేనర్ కోర్టు పత్రాలు తిరగేస్తే వేరే లోకం కనబడుతుంది. మేనర్ కోర్టు అంటే దొర దివాణంలో కొన్ని వారాలకోసారి జరిగే పంచాయితీ అనుకోండి. అక్కడ ఇదే "పొట్ట తప్ప ఏమీ లేని" మనుషులు అరెకరం అమ్ముకుంటారు, కొనుక్కుంటారు, కౌలుకిస్తారు, అప్పిచ్చిన బార్లీ తిరిగి ఇవ్వలేదని పక్కింటాయన మీద ఫిర్యాదు చేస్తారు, తన చాలులోకి నాగలి తోశాడని కొట్లాడతారు. ఎవరికీ ఆస్తి మీద ధ్యాస లేకపోతే ఆ పత్రాలు కట్టలు కట్టలుగా ఎందుకున్నాయి?

పాత_కరణం
గట్టు తగాదా ఏ దేశంలో లేదు చెప్పండి! సరిహద్దు రాయి జరిపినవాడు అక్కడా ఉన్నాడన్నమాట.

సుజాత_కె
విలెయిన్ అంటే మన సినిమాల్లో విలన్ అనే మాటేనా?

చరిత్ర_సార్
అదే మాటండీ. లాటిన్‌లో విల్లా అంటే పల్లెలోని పొలం, ఇల్లు. అక్కడుండేవాడు విలెయిన్. పెద్దింటివాళ్ళ నోట్లో పల్లెటూరివాడు అంటే మొరటువాడు అయ్యాడు, మొరటువాడు చివరికి దుర్మార్గుడు అయ్యాడు. మన పోస్టర్ల మీద ఆ మాట పడేసరికి అది రైతు పేరని ఎవరికీ గుర్తులేదు.

వరిగడ్డి_వాసు
ఇది తెలియదు నాకు. బాధగా ఉంది నిజంగా.

లెక్కల_రాజు
సంపద అంటే ఏమిటో తెలియాలంటే ముందు మిగులు ఎంతో చూడాలి. ఒక మోస్తరు రైతుకి 15 ఎకరాలు అనుకుందాం. మూడు పొలాల పద్ధతి, అంటే ఏటా మూడో వంతు బీడు, కాబట్టి విత్తేది పది ఎకరాలు. ఎకరానికి తొమ్మిది బుషెళ్ళు పండితే అది మంచి పంటే, మొత్తం 90. పదో వంతు చర్చికి, 9 పోయాయి. విత్తనానికి నాలుగింతలు పండడమే అప్పట్లో మామూలు, కాబట్టి వచ్చే ఏటి విత్తనానికి 23 తీసి పక్కన పెట్టాలి. మిగిలింది 58. బుషెల్ గోధుమ పాతిక కిలోల పైమాట, బార్లీ అయితే ఇంకొంచెం తక్కువ. ఐదుగురున్న ఇంట్లో రొట్టెకి, గంజికి, ఏల్ (బార్లీతో చేసే బీరు లాంటిది) కాచుకోడానికి అది దాదాపు సరిపోతుంది, అంతే. కౌలు, దొర జరిమానాలు, ఉప్పు, నాగలి కర్రుకి ఇనుము, వీటికి డబ్బు ఎక్కణ్ణుంచి రావాలి? ఉన్ని, గుడ్లు, పందిపిల్ల, కూలి. కాబట్టి పదిహేనెకరాల ఆసామికి సంపద అంటే గాదెలో వచ్చే కోత దాకా గింజలుండడం. ముప్పై ఎకరాలుంటే వాడు ఊళ్ళో పెద్ద రైతు. రెండు మూడు ఎకరాల గుడిసెవాసికి ఈ లెక్క మొదలే కాదు.

మల్లన్న_27
అందుకే 1315లో వానలు ఆగకుండా పడితే ఊళ్ళకి ఊళ్ళు కూలిపోయాయి. 1317 దాకా కరువే. విత్తనాల గింజలు తినేసినవాడు మళ్ళీ లేవలేదు.

కృష్ణా_డెల్టా
అందరితో నాకు ఒక పేచీ ఉంది. కోర్టు పత్రాల్లో తగాదాలే ఉంటాయి, తగాదా లేనివాడు అందులో కనబడడు. పత్రాలు చూసి అందరూ ఆస్తి పిచ్చోళ్ళే అనేస్తే అదీ తప్పే. వాళ్ళకి "చాలు" అనే గీత ఒకటి ఉండేదని నా నమ్మకం. కోత అయ్యాక పొలంలో పరిగ ఎవరు ఏరుకోవచ్చన్న కట్టుబాట్లు చూడండి. ఒళ్ళు వంగి పని చెయ్యగలిగినవాడు పరిగకి రాకూడదు, కూలికి పోవాలి. ముసలివాళ్ళకి, పిల్లలకి, పనిచెయ్యలేనివాళ్ళకి మాత్రమే పరిగ. ఉమ్మడి బీట్లో ఎవరు ఎన్ని పశువులు తోలాలో లెక్క. ఇదంతా ఒకడు మరీ ఎక్కువ పోగేసుకుంటే ఇంకొకడి నోటి దగ్గరది పోతుంది అన్న ఆలోచనే కదా? ఊరి భూమి పెరగదు. ఒకడు లావెక్కితే ఇంకొకడు చిక్కిపోతాడు.

చరిత్ర_సార్
డెల్టా గారి మాటలో బలం ఉంది. కానీ కట్టుబాటు రాసుకున్నారంటే దాన్ని దాటేవాళ్ళు ఉన్నారనే కదా అర్థం. ఏటా అదే జరిమానా, అవే పేర్లు కూడా కనబడతాయి. దీని మీద పండితులే రెండుగా చీలిపోయారు. 1978లో అలన్ మాక్‌ఫర్లేన్ అనే ఆయన 13వ శతాబ్దం నుంచే ఇంగ్లండ్ మామూలు జనం ఎవరికి వారు, భూమి కొనుక్కుని అమ్ముకునేవాళ్ళు, వాళ్ళని అసలు "రైతాంగం" అనే మాటతో పిలవడమే తప్పు అని వాదించాడు. చాలామంది ఆయన మీద విరుచుకుపడ్డారు. నా మట్టుకు నాకు ఆయన కుటుంబాన్ని మరీ తక్కువ చేశాడనిపిస్తుంది.

నాటింగ్‌హామ్_నాని
నేనుండే చోటికి దగ్గర్లో లాక్స్టన్ అని ఒక ఊరుంది. ఆ మూడు పొలాల పద్ధతి, గట్లు లేని ఉమ్మడి పొలం, చెక్కలు చెక్కలుగా పంచుకోవడం ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అని మూడు పొలాలు. నవంబర్ చివర్లో ఊరి జూరీ పొలంలోకి దిగి ఎవరు ఎంత దాకా దున్నారో చూసి, గీత దాటినవాడికి జరిమానా వేస్తుంది. మొన్న శీతాకాలం వెళ్ళాను. ఒక పెద్దాయన వంగి గడ్డిలో దిగ్గొట్టిన చెక్క మేకుని చేత్తో తడిమి, "ఇదిగో, ఇక్కడ ఒక అడుగు తిన్నాడు" అన్నాడు. ఒక్క అడుగు! బూట్లకి మోకాలి దాకా బురద, చలికి చేతులు వణుకుతున్నాయి, అయినా ఆ అడుగు దగ్గర ఐదు నిమిషాలు నిలబడి మాట్లాడారు. అక్కడ నిలబడ్డాక నాకు వాసు గారి ప్రశ్నకి జవాబు దొరికినట్టే అనిపించింది.

పాత_కరణం
ఫోటో ఉంటే పెట్టు నానీ.

నాటింగ్‌హామ్_నాని
పెడతా అన్నా, వేరే ఫోన్లో ఉన్నాయి.

సుజాత_కె
ఇందాకటి నుంచి అందరూ "వాడు" "ఆసామి" అనే మాట్లాడుతున్నారు. ఆడవాళ్ళ సంగతి? నార్తాంప్టన్‌షైర్‌లో బ్రిగ్‌స్టాక్ అనే ఊళ్ళో సిసీలియా పెనిఫాడర్ అని ఒకావిడ ఉండేది. 1344లో పోయింది. పెళ్ళి చేసుకోలేదు. కాస్త కాస్తగా భూమి కొంటూ పోయింది, ఎక్కువగా గడ్డిభూమి, పోయేనాటికి 70 ఎకరాల దాకా. పంట భూమి మాత్రం రెండెకరాలే. ఎందుకంటే దున్నడానికి మనుషులు కావాలి, ఎద్దులు కావాలి, గడ్డికి అంత అక్కర్లేదు. ఒంటరి మనిషి ఎంత బాగా ఆలోచించుకుందో చూడండి! ఆవిడ పోయాక చుట్టాలంతా ఆ భూమి కోసం మేనర్ కోర్టుకెక్కారు. ఏల్ కాచి అమ్మే ఆడవాళ్ళూ ప్రతి ఊళ్ళో ఉండేవాళ్ళు. వాళ్ళ మీద వేసే జరిమానా దాదాపు లైసెన్సు ఫీజు లాంటిది, కట్టేసి మళ్ళీ కాచుకునేవాళ్ళు. ఆశ లేని మనుషులు చేసే పనులా ఇవి?

వరిగడ్డి_వాసు
సిసీలియా గారికి నా దండాలు. మా మేనత్త గుర్తొచ్చింది, రెండు గేదెలతో మొదలుపెట్టి ముగ్గురు పిల్లల్ని చదివించింది.

కృష్ణా_డెల్టా
సుజాత గారూ, ఆవిడ ఉన్న ఇంటి పిల్ల కదా. పేదింటి ఆడపిల్లకి ఆ అవకాశం ఎక్కడిది?

సుజాత_కె
నిజమే, ఒప్పుకుంటాను. ఊళ్ళో బాగా బతికిన కుటుంబమే. అయినా చేసుకుంది ఆవిడే కదండీ.

ఇత్తడిబిందె
అన్నీ భూమి చుట్టూ తిరుగుతున్నాయి, ఇంట్లోకి రండి ఒకసారి. అప్పటి రైతు ఇంట్లో కుర్చీలు లేవు, ఒకటీ అరా బల్లలు, ఒక పెట్టె. కానీ ఇత్తడి గిన్నె ఉంటే దాని పేరు వీలునామాలో ఉంటుంది. పెద్ద గిన్నె పెద్ద కూతురికి, చిన్నది చిన్న కూతురికి, చర్చిలో దీపానికి ఒక బుషెల్ బార్లీ, ఇలా రాయించేవాళ్ళు. అవసరం పడితే తాకట్టు పెట్టుకోవచ్చు, అప్పు తీర్చకపోతే గుంజుకుపోయేదీ దాన్నే. మా నాయనమ్మ పెళ్ళికి తెచ్చుకున్న గంగాళం మీద ఆవిడ పేరు చెక్కించి ఉంటుంది, ఎన్ని కష్టాలొచ్చినా అమ్మనివ్వలేదు. యార్క్‌షైర్‌లో వారం పర్సీ అనే పాడుబడ్డ ఊరిని దశాబ్దాల పాటు తవ్వారు. అక్కడా, అలాంటి వేరే ఊళ్ళలోనూ రైతుల ఇళ్ళ శిథిలాల్లో తాళంచెవులు దొరికాయి. దాచుకోవడానికి ఏమీ లేనివాడు తాళం ఎందుకు కొంటాడు?

మల్లన్న_27
ఈ ఒక్క తాళంచెవి చాలు ఆ వీడియోకి జవాబు.

లెక్కల_రాజు
దాచుకోవడం అన్నారు కాబట్టి చెప్తున్నా. రాజు యుద్ధానికి డబ్బు కావాలంటే జనం దగ్గరున్న కదిలే ఆస్తి మీద పన్ను వేసేవాడు, అంటే ఎద్దులు, ఆవులు, అమ్మకానికున్న గింజలు. 1334లో ఊరికింత అని తేల్చేసేదాకా ఇంటింటికీ లెక్క కట్టేవాళ్ళు, లెక్క కట్టేది చుట్టుపక్కలవాళ్ళే. కనబడింది రాస్తారు, కనబడంది రాయరు. ఆపైన దొర. విలెయిన్ చనిపోతే కొట్టంలో మేలైన పశువు దొరకి, రెండోది చర్చికి. కూతురి పెళ్ళికి దొరకి రుసుం. కొడుకుని బడికి పంపాలన్నా రుసుమే. ఇన్ని చేతులు చాచి ఉన్నప్పుడు ఉన్నవాడు ఉన్నట్టు కనబడతాడా? రైతు నిరాడంబరంగా ఉన్నాడు కాబట్టి ఆశ లేదు అనుకోవడం నాకు నవ్వొస్తుంది.

గుడిమెట్టు
చర్చి సంగతి ఎవరూ చెప్పలేదు. సర్రే జిల్లాలో చాల్డన్ అనే ఊరి చర్చిలో గోడ మీద 1200 ప్రాంతంలో వేసిన పెద్ద బొమ్మ ఉంది. అన్నయ్యా వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూశాను. ఎర్రమట్టి రంగు, మధ్యలో ఆకాశానికి నిచ్చెన. కింద ఒక మూల వడ్డీ వ్యాపారి మంటల్లో కూర్చుని ఉంటాడు, మెడలో డబ్బు సంచులు, నోట్లోంచి నాణేలు రాలుతుంటాయి, చెరోవైపు ఒక దెయ్యం. చదువు రాని రైతు ప్రతి ఆదివారం దాన్ని చూస్తూ నిలబడేవాడు. డబ్బుతో డబ్బు పుట్టించడం పాపం, కష్టపడి పండించుకోవడం పాపం కాదు, పోగేసి పంచకపోతే ఆత్మకి నష్టం, ఇదంతా వాళ్ళ మనసులో లోతుగా ఉండేది. అందుకే చావు దగ్గరపడితే దానాలు. డెల్టా గారి "చాలు" నాకు ఈ గోడ మీద కనబడింది.

చరిత్ర_సార్
బాగా చెప్పారు. అదే గోడ చూసి బయటికొచ్చి పక్కింటాయనకి గింజలు అప్పిచ్చేవాడు. వడ్డీ అని నోటితో అనకుండా కోత అయ్యాక కాస్త ఎక్కువ కొలిపించుకునేవాడు, లేదా అప్పు తీరేదాకా ఆ పక్కింటాయన పొలం చెక్క తను దున్నుకునేవాడు. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. దాన్ని కపటం అని నేననను, భయమూ అవసరమూ కలిసి బతకడం.

అమెరికా_అత్తమ్మ
నేను ఎక్కువ రాయను. ముసలితనం గురించి చెప్పండి ఎవరైనా. మా ఇంట్లో ఆస్తి రాసిచ్చాక జరిగింది వేరే కథ.

చరిత్ర_సార్
అత్తమ్మ గారూ, మీరడిగింది అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఒళ్ళు సహకరించనప్పుడు తల్లో తండ్రో పొలాన్ని కొడుక్కో, ఒక్కోసారి బయటివాడికో అప్పగించేవాళ్ళు, బదులుగా ఏమివ్వాలో మేనర్ కోర్టులో రాయించుకునేవాళ్ళు. ఏడాదికి గోధుమ ఇన్ని బుషెళ్ళు, బార్లీ ఇన్ని, బఠాణీ ఇన్ని, ఇంట్లో ఒక గది, పొయ్యి దగ్గర కూర్చునే చోటు, ఒక ఆవుకి మేత, బట్టలు, ఒక జత బూట్లు. పొయ్యి దగ్గర చోటు కూడా కాగితం మీద ఉండాల్సిందే. కొడుకు మాట తప్పితే కోర్టుకి వెళ్ళొచ్చు, జరిమానా వేయించవచ్చు, కొన్నిసార్లు భూమి వెనక్కీ వచ్చేది. వాళ్ళకి భూమి అంటే ముసలితనంలో ఆ పొయ్యి దగ్గర చోటు.

అమెరికా_అత్తమ్మ
మా నాన్న ఆ చోటు రాయించుకోలేదు బాబూ. నమ్మాడు. ఏడువందల ఏళ్ళ క్రితంవాళ్ళకి ఉన్న ముందుచూపు మాకు లేకపోయింది.

సుజాత_కె
అత్తమ్మా, చదివి మనసు బరువెక్కింది.

పాత_కరణం
నేను రిజిస్ట్రేషన్ కాగితాలు రాసేవాణ్ణి. నాలుగు వాక్యాలు ఎక్కువ రాయించుకోండి అని ఎంతమందికి చెప్పానో. కన్నకొడుకు దగ్గర కాగితమా అనేవాళ్ళు.

మల్లన్న_27
1348 తర్వాత ఏమైందో కూడా చెప్పాలి కదా. ప్లేగులో దాదాపు సగం జనం పోయారు. అంతకుముందు భూమి దొరకదు, మనుషులు దండి. తర్వాత భూమి పడి ఉంది, మనుషులు లేరు. రోజు కూలి ఒకటిన్నర పెన్నీ ఉన్నది 1400 నాటికి మూడు, నాలుగు పెన్నీలు. నార్ఫోక్‌లో సెడ్జ్‌ఫోర్డ్ అనే చోట కోత కూలీల తిండి లెక్కలు మిగిలాయి. 1256లో ఎక్కువ బార్లీ రొట్టే, మాంసం పేరుకి. 1424కి గోధుమ రొట్టె, మాంసం కడుపునిండా. ఆ తేడా చూస్తే జనం దేన్ని బాగుపడడం అనుకున్నారో తెలుస్తుంది, తెల్లరొట్టె, మాంసం, మంచి ఏల్.

ఇత్తడిబిందె
బట్ట కూడా. అది చూసి పైవాళ్ళు ఓర్వలేక 1363లో చట్టం తెచ్చారు. 40 షిల్లింగుల (షిల్లింగు అంటే పన్నెండు పెన్నీలు) ఆస్తి లేని దున్నేవాళ్ళు, బండి తోలేవాళ్ళు, పశువుల కాపర్లు ముతక ఉన్ని బట్టే కట్టాలి, నడుముకి నార పట్టీయే కట్టాలి అని. రెండేళ్ళలోపే ఆ చట్టం ఎత్తేశారు. పాలేరు మంచి బట్ట కడితే కళ్ళు మండడం ఎంత పాత జబ్బో.

కృష్ణా_డెల్టా
కూలి పెరగకూడదని కూడా చట్టం, 1351లో. ప్లేగుకి ముందున్న కూలికే పనిచెయ్యాలట. కాదన్నవాణ్ణి "అత్యాశపరుడు" అన్నారు. ఎవరి నోట్లోంచి ఆ మాట వస్తోందో గమనించండి. రైతుకి ఆశ లేదని ఇప్పుడంటున్నారు, అప్పట్లో దొరలేమో వీళ్ళకి ఆశ ఎక్కువైందని చట్టాలు చేశారు. ఈ చర్చ మొదలైనప్పుడు నేను "చాలు" అన్నాను, ఇప్పటికీ అంటాను, కానీ ఆ గీత ఎక్కడ గీయాలో చెప్పే హక్కు రైతుదే, దొరది కాదు.

వరిగడ్డి_వాసు
డెల్టా గారూ, ఈ మాటకి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నా.

నాటింగ్‌హామ్_నాని
చదువు మీద పెట్టుబడి కూడా అప్పుడే మొదలైంది. నార్ఫోక్‌లో క్లెమెంట్ పాస్టన్ అని ఒక రైతు, నూరు నూటిరవై ఎకరాలు. గింజల మూట కింద వేసుకుని జీను లేని గుర్రం మీద మిల్లుకి వెళ్ళి, పిండి మూట మీద కూర్చుని తిరిగొచ్చేవాడట. కొడుకు విలియం చదువుకి అప్పు చేశాడు. ఆ విలియం 1429లో రాజుగారి కోర్టులో జడ్జి అయ్యాడు. మా నాన్న నా చదువుకి మాగాణి తాకట్టు పెట్టాడు, నేనిక్కడికి వచ్చాను. ఆ పాస్టన్ కథ చదివిన రోజు ఇంటికి ఫోన్ చేశా.

చరిత్ర_సార్
ఆ వివరాలు పాస్టన్ కుటుంబం శత్రువులు రాసినవి, "వీళ్ళు పుట్టుకతో విలెయిన్లు" అని నిరూపించడానికి. పరువు తీద్దామని రాస్తే మనకి ఇలా మిగిలింది. 1406లో ఎవరైనా తమ పిల్లల్ని ఏ బడికైనా పంపుకోవచ్చని చట్టం వచ్చింది.

గుడిమెట్టు
1381 రైతుల తిరుగుబాటు గురించి ఒక ముక్క చెప్తా. మనిషికి షిల్లింగు తలపన్ను అన్నారు, జనం లేచారు. లండన్ పక్కన మైల్ ఎండ్ దగ్గర పద్నాలుగేళ్ళ రాజు ముందు వాళ్ళు అడిగింది విలెయిన్ కట్టు పోవాలి, భూమికి ఎకరానికి నాలుగు పెన్నీల కౌలే ఉండాలి అని. దొర భూమి లాక్కుని పంచమని కాదు, తమ భూమికి తెలిసిన, పెరగని ధర. వెట్టి పోయి కౌలు ఉండాలి. నాకు ఇందులోనే వాళ్ళ ఆర్థికశాస్త్రమంతా కనబడుతుంది.

ఇత్తడిబిందె
సెయింట్ ఆల్బన్స్ ఊరి సంగతి మర్చిపోకండి! అక్కడ మఠం మిల్లులోనే గింజలు ఆడించాలి, దానికి సుంకం కట్టాలి. జనం ఇళ్ళలో తిరగళ్ళు పెట్టుకున్నారు. రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ అనే మఠాధిపతి వాటన్నిటినీ గుంజుకుని, ఆ రాళ్ళని మఠం గదిలో నేలకి పరిచాడు. అది 1330ల మాట. యాభై ఏళ్ళు సన్యాసులు వాటి మీద నడిచారు. 1381 జూన్‌లో ఊరి జనం లోపలికెళ్ళి ఆ నేల పెకలించి, రాళ్ళు బయటికి మోసుకొచ్చి, ముక్కలు కొట్టి, చర్చిలో ఆదివారం రొట్టె ముక్కలు పంచినట్టు మనిషికో ముక్క పంచుకున్నారు. ఆ ముక్కతో పిండి ఆడదు. అయినా అందరూ ఇంటికి తీసుకెళ్ళారు.

వరిగడ్డి_వాసు
ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఇంట్లో వాడని తిరగలి పెరట్లో జామచెట్టు కింద ఉంది. రేపు ఊరెళ్తున్నా, కడిగి వసారాలో పెట్టిస్తాను.

నాటింగ్‌హామ్_నాని
లాక్స్టన్ ఫోటోలు దొరికాయి కరణం గారూ. మూడో దాంట్లో ఆ మేకు కనబడుతుంది, గడ్డిలో కొద్దిగా కుడివైపు చూడండి.